విడిపోవటానికీ ఒక మర్యాద ఉన్నది

న్యూఢిల్లీ: ఈ వారం లేఖలో మంత్రివర్గం మార్పుల గురించిగాని, పక్షాల పొత్తుల గురించిగాని వ్రాయటం లేదు. పాఠకులు మన్నించగలరు. పార్లమెంటు గ్యాలరీలో కూర్చుని చట్టాలు తయారయ్యే తీరు చూడటం నా వృత్తి. కాని ఆ చట్టాలు ఎవరి కోసం తయారవుతున్నవో ఆ మనుషులు అప్పుడప్పుడు మన గడప తొక్కి ఎదుట కూర్చుంటారు. అప్పుడు బిల్లులలోని క్లాజుల కంటె ఆ మనిషి వేసిన ప్రశ్నే పెద్దదిగా కనపడుతుంది.

గత నెలలో ఒక ఆదివారం సాయంకాలం గుంటూరు జిల్లాకు చెందిన నా చిరకాల మిత్రుని కుమార్తె మా ఇంటికి వచ్చింది. గుర్‌గాఁవ్‌లో ఉద్యోగం. పెద్ద జీతం. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. ఎప్పుడు వచ్చినా వంటింట్లోకి పోయి మా ఇంటావిడతో కబుర్లు చెప్పే పిల్ల, ఆ రోజు ముందు గదిలోనే కూలబడింది. రెండేళ్ళుగా ఒక యువకునితో కలిసి ఉంటున్నదట. పెండ్లి మాట అనుకున్నారట గాని పెద్దలకు చెప్పలేదు. ఒక శుక్రవారం అతను బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే మ్రోగదు. ఉత్తరానికి జవాబు లేదు. కారణం చెప్పలేదు. తగవు కూడా పడలేదు.

"చచ్చిపోయాడంటే ఏడ్చి ఊరుకుందును బాబాయ్. ఇష్టం లేదన్నా తిట్టుకుని ఊరుకుందును. ఏమీ అనకుండా పోతే నేనేమనుకోవాలి?" అన్నది.

నాకు జవాబు తోచలేదు. ఏ సెక్షను కింద ఏమి చేయవచ్చునో మాత్రం నోటి చివరకు వచ్చింది. అది పాత్రికేయుని దురలవాటు. ఆమె అడిగినది అది కాదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ తరువాతి పదిహేను రోజులలో దానిని పట్టుకుని ఇద్దరి దగ్గరకు వెళ్ళాను. ఒకరు దక్షిణ ఢిల్లీలోని మానసిక వైద్యురాలు. రెండవ వారు పాత ఢిల్లీలో బల్లిమారాన్ సమీపాన ఉండే వృద్ధ మౌల్వీ. ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా ఇద్దరూ ఒకే చోటికి వచ్చి ఆగారు. అందువల్లనే ఈ లేఖ.

రాజ్యం తలుపు తట్టుతున్నది

ముందుగా ప్రభుత్వం సంగతి. స్త్రీపురుషుల స్వల్పకాలిక సంబంధాలు ఇదివరకు పుకార్లకు, నవలలకు పరిమితమైన విషయం. గత 20 ఏళ్ళలో అవి శాసనాలలోకి, తీర్పులలోకి వచ్చి చేరినవి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 'వివాహం వంటి సంబంధం' అన్న మాటను తొలిసారి గుర్తించింది. 2010లో వేలుస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ మాటకు హద్దులు గీసింది. వారాంతంలో కలిసి గడపటం, ఒక రాత్రి పరిచయం ఆ నిర్వచనంలోకి రావని చెప్పింది. 2013లో ఇంద్రా శర్మ కేసులో, సమాజం ఆమోదించకపోయినా సహజీవనం నేరమూ కాదు, పాపమూ కాదు అన్నది.

2023 మార్చిలో సహజీవనాలన్నింటినీ రిజిస్టరు చేయించాలని ఎవరో ప్రజాహిత వ్యాజ్యం వేస్తే, ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ మందలించి కొట్టివేశారు. ఏడాది తిరగకముందే ఉత్తరాఖండ్ శాసనసభ సరిగ్గా ఆ పనే చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆమోదించి, 2025 జనవరి 27 నుండి అమలులోకి తెచ్చిన ఉమ్మడి పౌరస్మృతి ప్రకారం కలిసి ఉండే జంట రిజిస్ట్రారుకు తెలియజేయాలి. నెల దాటినా తెలియజేయకపోతే 3 నెలల ఖైదు గాని, 10 వేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. పురుషుడు విడిచిపోతే స్త్రీ మనోవర్తి కోరవచ్చు. ఇదిగాక 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహిత 69వ సెక్షను, నెరవేర్చే ఉద్దేశం లేకుండానే పెండ్లి చేసుకుంటానని నమ్మించి లైంగిక సంబంధం పెట్టుకున్న వానికి 10 ఏళ్ళ వరకు శిక్ష విధించవచ్చునని అంటున్నది.

వీటన్నింటిలోను ప్రభుత్వం అడిగేది రెండే: కాగితం ఉన్నదా? లేకపోతే జైలుకు పంపాలా? మా పిల్లకు ఆ రెండూ అక్కరలేదు. ఆమె జీతం అతని జీతం కంటె ఎక్కువ. మనోవర్తితో పని లేదు. అతన్ని ఖైదు చేయించాలనీ లేదు. ఆమెకు కావలసింది ఒక మాట. చట్టం ఇప్పించలేనిది అదొక్కటే.

వైద్యురాలి మాట

మానసిక వైద్యురాలు నా ప్రశ్నకు నవ్వలేదు. ఇటువంటివారు వారానికి అయిదారుగురు వస్తారన్నారు. మగపిల్లలు కూడా వస్తారట. అయితే కడుపు నొప్పి అనో, నిద్ర పట్టటం లేదనో వస్తారట.

ఆమె చెప్పిన దాని సారాంశమిది. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ యుద్ధానంతర యూరపులో ఇల్లు, తల్లి కోల్పోయిన పిల్లల స్థితిని గురించి 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక ఇచ్చాడు. అన్నం, బట్ట ఉన్నా, నమ్ముకున్న మనిషి కనపడకపోతే బిడ్డ కృశించిపోతుందని ఆయన సిద్ధాంతం. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ మొదట ఉగాండాలోను, తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లోను తల్లీబిడ్డలను పరిశీలించింది. తల్లి కాసేపు గది విడిచి తిరిగి వచ్చినప్పుడు కొందరు పిల్లలు ఏడ్చి, వెంటనే ఊరడిల్లుతారు. కొందరు ఎంతకూ ఊరడిల్లరు. మరికొందరు తల్లి రాకనే గమనించనట్లు మొహం తిప్పుకుంటారు.

1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సూత్రం పెద్దవారి ప్రేమకు వర్తిస్తుందా అని డెన్వర్ నగరపు దినపత్రికలో ప్రశ్నావళి ప్రకటించారు. జవాబిచ్చిన పాఠకులలో సుమారు 56 శాతం మంది నిశ్చింతగా దగ్గర కాగలిగినవారు. మిగిలినవారిలో కొందరు ఎక్కడ వదిలిపోతారో అని అనుక్షణం భయపడేవారు. కొందరు దగ్గరితనమే ఊపిరాడనివ్వదని దూరంగా జరిగేవారు. అయితే ఇది తలరాత కాదని వైద్యురాలు నొక్కి చెప్పారు. నమ్మకస్తుడైన మనిషి తోడు దొరికితే భయస్తుడు కూడా కుదుటపడతాడు. మాట చెప్పకుండా పారిపోయినవాడిని చూస్తే కుదుటపడినవాడు కూడా భయస్తుడవుతాడు.

"మరి ఈ కాలపు సంబంధాలు ఎందుకు ఇంత త్వరగా తెగుతున్నవి?" అని అడిగాను.

"తెగటం కొత్త కాదండీ. వదిలిపోవటం సులువయింది," అన్నారామె. రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ 1986లో ప్రేమకు మూడు కోణాలు చెప్పాడు: మోహం, సాన్నిహిత్యం, కట్టుబాటు. మోహం త్వరగా వస్తుంది, త్వరగా చల్లారుతుంది. సాన్నిహిత్యం మెల్లగా పెరుగుతుంది. కట్టుబాటు మాత్రం దానంతట రాదు. అది మనిషి తీసుకునే నిర్ణయం. ఇక కారిల్ రస్బల్ట్ 1980లో చెప్పినదాని ప్రకారం మనుషులు ఒక సంబంధంలో నిలబడటానికి తృప్తి ఒక్కటే చాలదు. అందులో తాము పెట్టినది ఎంత, బయట ఉన్న ప్రత్యామ్నాయాలు ఎన్ని అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చేతిలోని ఫోను వేలితో తోస్తే కొత్త మొహాలు వచ్చేటప్పుడు ఆ ప్రత్యామ్నాయాల లెక్క ఎప్పుడూ తేలదు. ఉన్న ఊరు, ఎరిగిన బంధువులు, ఉమ్మడి స్నేహితులు లేని నగరంలో పెట్టుబడీ తక్కువే. వెళ్ళిపోయినవాడు రేపు ఎవరి మొహమూ చూడనక్కరలేదు.

ఆ తరువాత ఆమె చెప్పిన మాట నాకు ముఖ్యమనిపించింది. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో పాలీన్ బాస్ అనే పండితురాలు పరిశీలించింది. చనిపోయాడని తెలిసిన భార్య ఏడ్చి, కర్మకాండ జరిపి, క్రమంగా తేరుకుంటున్నది. ఆచూకీ లేనివాని భార్య మాత్రం ఏడవనూలేదు, ఆశ వదులుకోనూలేదు. ఆ స్థితికి ఆమె 'అస్పష్ట నష్టం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. మనస్సుకు ముగింపు లేని నష్టం కంటె భరించరానిది లేదు. "మీ అమ్మాయిది అదే జబ్బు. యుద్ధం లేదు, అంతే తేడా," అన్నారు డాక్టరు గారు.

మౌల్వీ గారి మాట

ఈ కబురు పట్టుకుని బల్లిమారాన్ వెళ్ళాను. చెప్పులు, కళ్ళద్దాల దుకాణాల నడుమ సన్నని సందు, మేడ మీద గది. మౌల్వీ గారికి ఎనభై దాటినవి. చూపు మందగించింది. నేను హిందువుల పిల్ల సంగతి అడగటానికి వచ్చానని తెలిసినా ఆయన ఆశ్చర్యపోలేదు. ఆయన మొహమాటపడనూ లేదు. నిఖా లేని సహవాసం తమ ధర్మంలో పాపమని, ఆ విషయంలో తాను రాజీ పడజాలనని ముందే చెప్పారు. నేను ఆ మాట దాచటం లేదు. ఇస్లామిక నీతిని ఆధునికుల మెప్పు కోసం మెత్తబరచి చెప్పటం ఆ ధర్మానికీ న్యాయం కాదు, పాఠకులకూ న్యాయం కాదు.

"అయితే జనాబ్," అన్నారాయన, "మీరు కలవటం గురించి అడగలేదు. విడిపోవటం గురించి అడిగారు. దాని గురించి మా దగ్గర చాలా ఉన్నది."

నిఖా దైవ సంస్కారం మాత్రమే కాదు, ఒడంబడిక. ఇద్దరి సమ్మతి, సాక్షులు, మహర్ ఉండాలి. పదిమందికి తెలియాలి. రహస్యంగా జరపరాదు. ఖురాను నాలుగవ అధ్యాయం దానిని గట్టి ప్రమాణంగా పేర్కొంటున్నది. ముప్ఫయ్యవ అధ్యాయం దంపతుల నడుమ ప్రేమను, కరుణను దైవం ఉంచాడని చెబుతున్నది. మౌల్వీ గారు ఈ రెండు మాటలను విడదీసి వివరించారు. ప్రేమ ఉన్నంత కాలం కరుణతో పని పడదు. ప్రేమ తగ్గినప్పుడు కరుణ పని మొదలవుతుంది.

తగవు వస్తే ఆ తరపున ఒకరు, ఈ తరపున ఒకరు మధ్యవర్తులు కూర్చోవాలి. కుదరకపోతే తలాక్. అదీ ఒక్కసారి, స్త్రీ బహిష్టు లేని శుద్ధ కాలంలో. ఆ తరువాత మూడు ఋతువుల గడువు, దానినే ఇద్దత్ అంటారు. ఆ గడువులో మనస్సు మారితే తిరిగి కలవవచ్చు. కలిసి ఉంటే మంచిగా ఉండాలి, విడిచిపెడితే మర్యాదతో విడిచిపెట్టాలి. ఇచ్చినది తిరిగి లాక్కోరాదు. స్త్రీకి ఇష్టం లేకపోతే ఆమె మహర్ తిరిగి ఇచ్చి ఖులా కోరవచ్చు. సాబిత్ ఇబ్న్ ఖైస్ భార్య కథ ఆయన చెప్పారు. భర్త నడవడిలోగాని, ధార్మికతలోగాని తప్పు లేదు, కాని అతనితో ఉండలేనని ఆమె ప్రవక్తతో మొరపెట్టుకున్నది. మహర్‌గా తీసుకున్న తోట తిరిగి ఇమ్మని చెప్పి ప్రవక్త ఆమెను విడిపించాడు. మనసు కలవకపోవటం నేరం కాదని ఆ నీతి పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఒప్పుకున్నది.

నేను పాలీన్ బాస్ మాట చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత ఖురాను నాలుగవ అధ్యాయంలోనే ఒక పదం ఉన్నదన్నారు: ముఅల్లఖా. అంటే వ్రేలాడదీయబడినది. భార్యలుంటే ఒకరివైపే పూర్తిగా మొగ్గి మరొకరిని అటు భార్యా కాకుండా, ఇటు స్వతంత్రురాలూ కాకుండా వ్రేలాడదీయవద్దని ఆజ్ఞ. "ఏలుకో, లేదా విడిచిపెట్టు. మధ్యన వ్రేలాడదీయటం జులుం," అన్నారు మౌల్వీ గారు. అమెరికా పండితురాలు సైనికుల భార్యలలో చూసిన గాయాన్ని ఈ పాత పదం ముందే పట్టుకున్నది.

పుస్తకంలో ఒకటి, కోర్టులో మరొకటి

ఇంత మర్యాద గ్రంథంలో ఉంటే ఆచరణలో ఏమయినది? ఈ ప్రశ్న నేను ఆయననే అడిగాను. జవాబు ఆయన కంటె కోర్టు రికార్డులే బాగా చెబుతున్నవి.

ఇందోరుకు చెందిన షా బానో వివాహం 1932లో జరిగింది. అయిదుగురు పిల్లలు. 43 ఏళ్ళ కాపురం తరువాత, 1975లో, న్యాయవాది అయిన భర్త ఆమెను ఇంటి నుండి వెళ్ళగొట్టాడు. 1978లో ఆమె మనోవర్తి కోరిన తరువాత ఒక్క ఊపున తలాక్ చెప్పాడు. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలు ఇప్పించాడు. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్ 23న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం దానిని ఖాయం చేసింది. ఆ మొత్తం మీద దేశం రెండుగా చీలింది. ఆ ఆగస్టులో ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ లోక్‌సభలో ఆ తీర్పును సమర్థిస్తూ ప్రసంగించటం, కొద్ది నెలలకే రాజీవ్ గాంధీ ప్రభుత్వం వెనుకంజ వేయటం, 1986లో తీర్పును తిప్పికొట్టే చట్టం రావటం, ఖాన్ మంత్రి పదవికి రాజీనామా ఇవ్వటం పాఠకులకు విదితమే. ఒత్తిడికి లోనై షా బానో స్వయంగా ఆ తీర్పు తనకు వద్దని ప్రకటించవలసి వచ్చింది.

ఈ కథలో నాకు తోచేది ఒకటున్నది. షా బానోది స్వల్పకాలిక సంబంధం కాదు. 43 ఏళ్ళు! అయినా ఆమె ముగింపు మా మిత్రుని కుమార్తె ముగింపు కంటె మెరుగ్గా లేదు. సంబంధం ఎన్నాళ్ళు నిలిచిందన్నది కొలబద్ద కాదు. ఎట్లా ముగిసిందన్నదే కొలబద్ద.

సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో, సహేతుకమైన కారణం, దానికి ముందు రెండు పక్షాల మధ్యవర్తుల ప్రయత్నం లేని తలాక్ చెల్లదన్నది. అంటే ఖురాను చెప్పినదే చెప్పింది. 2017 ఆగస్టు 22న అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురి మెజారిటీతో ముమ్మారు తలాక్‌ను కొట్టివేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. తరువాత బిల్లు. 2019 జూలై 30న రాజ్యసభలో 99-84 వోట్లతో అది నెగ్గిన సాయంకాలం నేను గ్యాలరీలో ఉన్నాను. చెల్లని తలాక్ చెప్పినందుకు మూడేళ్ళ వరకు ఖైదు. ఒక పక్షం స్త్రీ విముక్తి అన్నది, మరొక పక్షం ముస్లిం పురుషుని జైలుకు పంపే ఎత్తు అన్నది. రెండు పక్షాల ప్రసంగాలూ గట్టిగానే సాగినవి. భర్త జైలులో ఉంటే ఆ స్త్రీకి నెలనెలా ఎవరు ఇస్తారన్న ప్రశ్నకు మాత్రం నాకు తృప్తికరమైన జవాబు వినపడలేదు.

ఆ జవాబు కొంత 2024 జూలై 10న వచ్చింది. అదీ మన తెలంగాణ కేసులో. విడాకులిచ్చిన భార్యకు నెలకు 20 వేలు ఇమ్మన్న కుటుంబ న్యాయస్థానం ఉత్తర్వును తెలంగాణ హైకోర్టు 10 వేలకు తగ్గించింది. అదీ ఇవ్వనని, 1986 చట్టమే తనకు వర్తిస్తుందని భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టిన్ జార్జి మసీహ్ ఆ వాదనను త్రోసిపుచ్చారు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ తక్కిన స్త్రీల వలెనే మనోవర్తి కోరవచ్చునన్నారు. షా బానోకు 1985లో దక్కి 1986లో జారిపోయినది 39 ఏళ్ళ తరువాత నిస్సందేహంగా తిరిగి వచ్చింది.

వ్రేలాడే స్త్రీలను విడిపించిన చరిత్ర కూడా ఈ నగరానికి ఉన్నది. భర్త జాడ తెలియకపోయినా హనఫీ న్యాయం ప్రకారం భార్య బంధం నుండి విడివడలేని రోజులలో, పంజాబులో కొందరు స్త్రీలు ఆ బంధం తెంచుకోవటానికి మతమే మార్చుకున్నారు. దేవ్‌బంద్ సంప్రదాయానికి చెందిన మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ అప్పుడు మాలికీ న్యాయం నుండి నాలుగేళ్ళ గడువు సూత్రం తీసుకోవచ్చునని మార్గం చూపారు. మహమ్మద్ అహ్మద్ కజ్మీ ప్రవేశపెట్టిన బిల్లు 1939లో ముస్లిం వివాహ రద్దు చట్టమయినది. నాలుగేళ్ళు భర్త ఆచూకీ లేకపోతే భార్య విడుదల పొందవచ్చు. ఆ బిల్లు నడిచింది నేను ఏళ్ళ తరబడి కూర్చున్న ఆ పాత భవనంలోనే. 2023 సెప్టెంబరు నుండి దాని పేరు సంవిధాన్ సదన్. 2013 డిసెంబరులో కాశ్మీరులోని ఉలమాలు, భర్తల జాడ తెలియని 'అర్ధ వితంతువులు' నాలుగేళ్ళ తరువాత పునర్వివాహం చేసుకోవచ్చునని చెప్పినప్పుడు ఆధారం ఈ సూత్రమే.

పేరు నిఖా, పని బేరం

ఇక స్వల్పకాలిక సంబంధాలకు మతం ముసుగు వేసిన ఉదంతం మన హైదరాబాదుదే. షియాలలో ముతా అనే గడువు పెండ్లి ఉన్నది. సున్నీలు దానిని నిషిద్ధమంటారు. గల్ఫు దేశాలలో సున్నీల నడుమ మిస్యార్ అనే, భార్య తన హక్కులు కొన్ని వదులుకునే పెండ్లి ఉన్నది. పాతబస్తీలో జరిగినవి నిజానికి ఏ సంప్రదాయానికీ చెందినవి కావు. దళారి, ఖాజీ, సొమ్ము, కొన్ని వారాల కాపురం, ఆ తరువాత వచ్చిన పెద్దమనిషి విమానం ఎక్కటం. 1991 ఆగస్టులో హైదరాబాదు నుండి ఢిల్లీకి వస్తున్న విమానంలో అరవై ఏళ్ళ సౌదీ దేశీయుని పక్కన ఏడుస్తున్న చిన్నపిల్లను విమాన పరిచారిక గమనించి పోలీసులకు చెప్పటంతో ఆ వ్యాపారం దేశానికి తెలిసింది. పాతికేళ్ళు దాటినా అది ఆగలేదనటానికి 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమన్, కతార్ దేశీయులతో పాటు ఖాజీలను కూడా అరెస్టు చేయటమే సాక్ష్యం.

నిఖానామా ఉన్నది, సాక్షులున్నారు, మహర్ వ్రాసి ఉన్నది. కాగితానికి లోటు లేదు. లోపించినది ఉద్దేశం. కర్మలకు విలువ సంకల్పాన్ని బట్టి అన్నది హదీసులలో అందరికీ తెలిసిన మాట. విడిచిపెట్టాలనే అనుకుని చేసుకున్న పెండ్లి పెండ్లి కాదు, పిల్లను కొన్న వ్యవహారమని మౌల్వీ గారు కంఠం పెంచి చెప్పారు. చిత్రమేమంటే, పెండ్లి వాగ్దానం కేసులలో 2019లో సుప్రీంకోర్టు ప్రమోద్ పవార్ తీర్పులో చూపిన భేదం కూడా ఇదే. మొదటి నుండి అబద్ధపు వాగ్దానం వేరు. నిజంగా అనుకుని తరువాత నిలుపుకోలేకపోవటం వేరు. మొదటిది మోసం. రెండవది జీవితంలో జరిగే వైఫల్యం. దానిని జైలుతో నయం చేయలేము.

ఇదంతా ఒక మతస్థుల వ్యవహారమని మిగిలినవారు గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోనక్కరలేదు. హిందువులకు 1955 వివాహ చట్టం వచ్చేదాకా ఏడడుగుల బంధానికి దేశమంతటికీ వర్తించే విడాకుల విధి లేదు. పదిమంది పెద్దల ఎదుట తెగతెంపులు చేసుకునే ఆచారం మన పల్లెలలో అనేక కులాలకు ఉండేది. దానిని మొరటుతనమని తీసిపారేసిన అగ్రవర్ణాల ఇండ్లలో, ఏలుకోని భర్తల భార్యలు పుట్టింటి వంటిండ్లలో ముసలివారయ్యారు. ఇప్పుడు ఆ కథకు విమానం తోడయినది. సెలవులో వచ్చి, పెండ్లాడి, కట్నం పుచ్చుకుని, వీసా పంపుతానని పోయి మళ్ళీ పలకని విదేశీ అల్లుళ్ళు గోదావరి నుండి కరీంనగర్ దాకా ఉన్నారు. వారి భార్యలు ముఅల్లఖాలు కాక మరెవరు? ప్రవాస భారతీయుల పెండ్లిండ్లు రిజిస్టరు చేయించే బిల్లును 2019 ఫిబ్రవరిలో సుష్మా స్వరాజ్ రాజ్యసభలో ప్రవేశపెట్టారు. ఆ లోక్‌సభ కాలం ముగిసేలోగా అది చట్టం కాలేదు. ముమ్మారు తలాక్ మీద చూపిన తొందర ఈ స్త్రీల మీద ఎవరూ చూపలేదు.

ఏమి చేయాలి?

చట్టం చేయగలిగినది చేయాలి. ఆస్తి, పిల్లలు, మనోవర్తి విషయంలో ఏ మతపు స్త్రీ అయినా, పెండ్లి అయినా కాకపోయినా, వీధిన పడకుండా చూడటం రాజ్యం బాధ్యత. ఇద్దరు వయోజనుల గదికి రిజిస్టరు పుస్తకం పట్టుకుపోవటం ఆ బాధ్యతలో భాగమని నాకు తోచటం లేదు. పైగా వేరు వేరు కులాల, మతాల జంటల మీద ఇంటివారి కత్తి వ్రేలాడుతున్న దేశంలో ఆ పుస్తకం ఎవరి చేతికి చిక్కుతుందో ఆలోచించాలి.

చట్టానికి అందని మేర కూడా ఉన్నది. అక్కడ పనికివచ్చేది మర్యాద. సంబంధం రెండు నెలలదా, రెండేళ్ళదా అన్నది వారి ఇష్టం. దానిని పాపమనేవారు అనవచ్చు. మౌల్వీ గారు అన్నారు. కాని ఏ సంబంధమైనా ముగించేవాడు మూడు పనులు చేయాలి: ఎదుట కూర్చుని చెప్పాలి. ఇచ్చి పుచ్చుకున్నవి తేల్చుకోవాలి. ఎదుటివారికి తమ దుఃఖం తాము పడటానికి వ్యవధి ఇవ్వాలి. ఇస్లామిక నీతి వీటిని తలాక్, మహర్, ఇద్దత్ అన్న పేర్లతో విధిగా చేసింది. ఆధునిక మానసిక శాస్త్రం అవే మనస్సుకు మందులంటున్నది. మన యువత తాతల కట్టుబాట్లు వదిలించుకున్నామని సంతోషిస్తున్నది. ఆ కట్టుబాట్లలో బరువుతో పాటు కొంత దయ కూడా ఉన్నదని గమనించాలి. రెండూ కలిపి పారవేయనక్కరలేదు.

మౌల్వీ గారి దగ్గర సెలవు తీసుకుంటూ, ఆ అమ్మాయికి ఏమి చెప్పమంటారని అడిగాను. నిఖా కాలేదు గనుక శాస్త్రం ఆమెకు ఏ విధీ చెప్పదన్నారు. కాసేపు ఆగి, "మూడు నెలలు ఎవరి మాటా వినకుండా ఉండమనండి. ఆ తరువాత తలుపు తనే వేసుకోమనండి," అన్నారు. వైద్యురాలు కూడా దాదాపు అదే చెప్పారు: అతని వైపు నుండి మాట రాదు, ముగింపు మాట ఆమే వ్రాసుకోవాలి.

మొన్న ఆదివారం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. అతనికి ఆఖరు ఉత్తరం వ్రాసిందట. జవాబు అడగలేదట. అతని పుస్తకాలు, చలికోటు పెట్టెలో సర్ది, ఆ ఊళ్ళోనే ఉన్న అతని అక్క ఇంటికి స్వయంగా తీసుకెళ్ళి అప్పగించి వచ్చిందట. "ఆవిడ ఏమన్నది?" అని అడిగాను.

"తలవంచుకున్నారు బాబాయ్. మంచినీళ్ళు ఇచ్చారు," అన్నది. తరువాత లేచి వంటింట్లోకి వెళ్ళింది.